వెనకాల వచ్చిన బండి

పోలింగ్ ముగిసేసరికి వెర్లిన్ స్టౌట్ చేతిలో ఉన్న సరుకల్లా ఒక జేబు పుస్తకం. అందులో లొరెట్టా కూబియాక్ చేసిన తప్పులు ముప్పై ఒకటి, గంటా నిమిషంతో సహా రాసి ఉన్నాయి. పాత ట్రాక్టర్లు కొని అమ్మేవాడు కాబట్టి, రంగు మెరిసే చోటే తుప్పు వెతకడం అతనికి అలవాటు. లొరెట్టా చేతిలోనూ అలాంటి పుస్తకమే ఉంది. అందులో ఏముందో అతనికి తెలియదు.

ఊరి బడిలో పెట్టిన ఆ బూత్‌కు అతను రిపబ్లికన్ల తరఫు మనిషి, ఆమె డెమొక్రాట్ల తరఫు మనిషి. ఓట్ల సంచిని ఏ ఒక్కరూ విడిగా ముట్టుకోకూడదు, ఇద్దరూ కలిసి ఒకే కారులో, ఓట్లు లెక్కపెట్టే కౌంటీ ఆఫీసుకు చేర్చాలి. అది రూలు. లోపల ఆరు వందల పద్నాలుగు ఓట్లు. అవి చేరకపోతే ఆ ఊరు అసలు ఓటే వేయనట్టు. సీలు వేసిన సంచిని గుమ్మం పక్క బెంచీ మీద పెట్టుకుని, ఎవరి కారులో వెళ్ళాలా అని ఇద్దరూ పేచీ పడుతున్నారు.

"మీ కారు నేనెక్కను," అంది లొరెట్టా. ముప్పై ఏళ్ళు ఆ బడిలోనే లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "మాలాంటి వాళ్ళని నదిలో తోసెయ్యాలని పోయిన వారం ఫేస్‌బుక్‌లో రాశారు. వెళ్ళే దారిలో నది ఉంది."

"అదేదో మాటవరసకి రాశాను టీచరమ్మా. చర్చి విందులో మీరు మమ్మల్ని పాములన్నారట. అదీ మాటవరసకేనా?"

"కాదు."

బడి ఊడ్చే ఎమ్మెట్ తాళాల గుత్తి పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "మీ ఇద్దరిలో దొంగెవరో తేలాక చెప్పండి, తాళం వేసుకుపోతాను. అక్కడ నా కూడు చల్లారిపోతోంది," అన్నాడు.

చివరికి ఆమె కారే ఖాయమైంది, షరతుల మీద. ముందు అతను డిక్కీ సోదా చేశాడు. మంచు తీసే పార, ఉప్పు బస్తా, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకం ఉన్న డబ్బా. మూత తీయమంటే ఆమె విసుక్కుంది. అది ముప్పై రెండో తప్పు. ఆమె అతని కోటు జేబులన్నీ బోర్లించింది. నాలుగు నట్లు, ఒక కొలత టేపు దొరికాయి. దారిలో ఎవరికీ కబురు పెట్టకుండా రెండు ఫోన్లూ ఆపేసి ముందు అరలో పడేశారు. ఒకరికంటే ఒకరు ముందు ఎక్కకుండా, రెండు తలుపులూ ఒకేసారి వేసుకుని బయల్దేరారు.

రోడ్డుకు రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు, చీకటి. అతను ఆమె చేతుల్నే చూస్తున్నాడు. ఆమె ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను అతని మీద పెట్టి నడుపుతోంది. రెండు మైళ్ళు దాటాక వెనక దీపాలు కనిపించాయి. ఏదో పికప్ ట్రక్కు. దగ్గరికొచ్చి దీపాలు ఆర్పి వెలిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత హారన్.

"మీవాళ్ళేనా?" అన్నాడు వెర్లిన్.

"మీవాళ్ళనుకుంటున్నాను నేను."

అతను నమ్మలేదు. పుస్తకం తీసి ముప్పై మూడో తప్పు రాశాడు. ఆమె స్పీడు పెంచింది. వెనక బండీ పెంచింది. అప్పుడామె అతని వైపు చూడకుండానే చెప్పింది, ఈ నెలలో తనకు సంతకం లేని ఉత్తరాలు మూడు వచ్చాయని, ఇల్లెక్కడో తెలుసని రాశారని. వాటిలో ఏదైనా అతనిదా అని అడిగింది. కాదన్నాడు. గట్టిగా అనలేకపోయాడు. ఫేస్‌బుక్‌లో తను రాసిన నది మాట కింద నలభై మంది శభాష్ అన్నారు. వాళ్ళలో సగం మంది ఎవరో అతనికి తెలియదు. అరిగిపోయిన ట్రాక్టరు అమ్మినా కొన్నవాడి ఊరూ పేరూ రాసుకుంటాడు. ఈ సరుకు మాత్రం ఎవరికి అమ్మాడో చూసుకోలేదు.

"ఆపకండి," అన్నాడు.

"ఆపుతానని ఎవరన్నారు?"

పొద్దుటి నుంచి ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే.

వంతెన మీద పికప్ పక్కకు వచ్చేసింది. దాని కిటికీలో లొరెట్టా వైపు ఒక చెయ్యి ఊగుతోంది. చేతిలో ఏదో మెరిసింది. వెర్లిన్ తనకు తెలియకుండానే చెయ్యి చాపి ఆమె మొహానికి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తీయండి, దారి కనబడట్లేదు," అంది ఆమె. కానీ ఆ సంగతి పుస్తకంలో రాస్తానని అనలేదు.

కౌంటీ ఆఫీసు ముందు దీపాల వెలుగులో పోలీసాయన నిలబడి ఉన్నాడు. హారన్ మీంచి చెయ్యి తీయకుండా తీసుకొచ్చి, అతని పక్కనే కారు ఆపింది లొరెట్టా. ఇద్దరూ దిగి అతని వెనక నక్కారు. పికప్ కూడా వచ్చి ఆగింది. పోలీసాయన తుపాకీ మీద చెయ్యి వేసి, చేతులు పైకెత్తి దిగమన్నాడు.

తలుపు తెరుచుకుంది. తాళాల గుత్తితో ఒక చెయ్యి పైకి లేచింది. రెండో చేతిలో బరువు ఉండటంతో అది లేవలేదు.

"ఎవరి మనిషివి నువ్వు?" అన్నాడు పోలీసాయన.

"ఎవరి మనిషినీ కాదు బాబూ, బడికి తాళాలు వేసేవాణ్ణి," అన్నాడు ఎమ్మెట్ రొప్పుతూ. "వీళ్ళు ఇది బెంచీ మీదే వదిలేసి వచ్చారు."

ఓట్ల సంచి సీలు చెక్కుచెదరలేదు. వెర్లిన్ లొరెట్టా పుస్తకం అడిగి తీసుకుని, తన పుస్తకం పక్కన పెట్టి, ఆ రోజు లెక్క కట్టాడు: ఆమెలో తను పట్టిన తప్పులు ముప్పై మూడు, తనలో ఆమె పట్టినవి నలభై రెండు, ఇద్దరూ కలిసి కాపలా కాసి తెచ్చిన ఓట్లు సున్నా.