గోడలు తట్టిన మనిషి

కింద వీధిలో ఎవరో గోడను తడుతున్న చప్పుడు.

కుట్టుమిషను తొక్కుతున్న ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

కిటికీ రెక్క ఓరగా తీసి చూసింది. సన్నటి మనిషి, చేతిలో చిన్న సుత్తి. గోడను అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. తర్వాత తలెత్తి, ఆమె బట్టలు ఆరేసే బాల్కనీ వైపు చాలాసేపు చూశాడు.

ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"ఎవరే?" మంచం మీంచి అత్తగారు అడిగింది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆవిడ లోకమంతా ఆ మంచమే.

"మునిసిపాలిటీ ఆయన అత్తయ్యా. పాత ఇళ్ళు తనిఖీ చేస్తాడే, గోడలాయన."

"మాట్లాడకు. ఇంట్లో లేరనుకుని పోతాడు."

పక్క వీధిలో ఒక ఇంటికి మునిసిపాలిటీ వాళ్ళు సీలు వేసిన రోజు ఆమె ఇంకా మరిచిపోలేదు. మంచాలూ గిన్నెలూ నడిరోడ్డు మీద, పిల్లల పుస్తకాలు బురదలో. తన భర్త లారీ డ్రైవరు. ఎప్పుడు వస్తాడో అతనికే తెలియదు. మంచంలో ఉన్న మనిషినీ, బడికెళ్ళే కూతుర్నీ వెంటబెట్టుకుని తను ఎక్కడికి పోవాలి?

సాయంత్రం ఎదురుగా ఉన్న సైకిల్ షాపుకు వెళ్ళింది.

"బాబాయ్, ఆయన ఏమైనా రాసుకున్నాడా?"

"రాయలేదమ్మా. తట్టాడు, పోయాడు."

"అమ్మయ్య."

"అప్పుడే అమ్మయ్య అనుకోకు. ఆ సెక్షనుకి పైనుంచి చిల్లిగవ్వ రాదంట. మన దగ్గర వసూలు చేసిన జరిమానాల్లోంచే వాళ్ళ జీతాలు. ఎన్ని నోటీసులిస్తే అంత పని చేసినట్టు. ఇవాళ ఊరికే పోయాడంటే రేపు గట్టిగానే వస్తాడు."

ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

గోడలాయన మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఒక రోజు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె కూతురి నోటికి చెయ్యి అడ్డుపెట్టింది.

తలుపు తట్టాడు.

"లోపల ఉన్నారని తెలుసమ్మా. ఇప్పటిదాకా మిషను చప్పుడు వినబడింది."

గొంతు మెత్తగా ఉంది. దానికే ఆమెకు ఇంకా భయమేసింది.

"బాల్కనీలోకి వెళ్ళకండి. లోపల చువ్వలు తుప్పుపట్టి పోయాయి. పెద్దావిడ మంచం వెనకగదిలోకి మార్చండి. ఇంటి ఓనరుకు నాలుగుసార్లు చెప్పాను, చెవిన పెట్టడం లేదు."

"మా ఇల్లు బాగానే ఉంది సార్. వెళ్ళండి."

"నేను నోటీసు ఇవ్వడానికి రాలేదమ్మా."

"మొదట అందరూ అలాగే అంటారు. మళ్ళీ మెట్లెక్కితే మీ ఆఫీసుకొచ్చి పెద్దసారుకే చెప్తాను."

అవతల అడుగులు ఒక మెట్టు వెనక్కి జరిగాయి.

"ఆఫీసుదాకా ఎందుకులే తల్లీ," అన్నాడు. మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"చూశారా అత్తయ్యా, పెద్దసారు పేరెత్తితే ఎలా జారుకున్నాడో. చెయ్యి తడుపుతామని వచ్చుంటాడు."

"వస్తే వచ్చాడులే. మంచం మాత్రం వెనక్కి జరుపు. దెయ్యం చెప్పినా మంచిమాట మంచిమాటే."

మంచం వెనకగదిలోకి మారింది.

ఆ వారం ముసురు పట్టింది. బడి వదిలే వేళకు వాన ఒక్కసారిగా పెద్దదైంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆమె ఇంటి బాల్కనీ కింద నిలబడ్డారు. పైనుంచి వాళ్ళ నవ్వులు వింటూ ఆమె మిషను తొక్కుతూనే ఉంది.

ఎక్కడో పటపటమని చిట్లిన చప్పుడు. కిటికీ పక్కన గోడ మీద పగులు ఆమె కళ్ళముందే పాకింది.

కిటికీలోంచి తొంగి చూసింది. గోడలాయన వానలో తడిసి ముద్దయి, పిల్లల్ని రెండు చేతులతో రోడ్డు మీదికి తోస్తున్నాడు.

"అటు పొండి. అటు, షాపులోకి. నవ్వకండర్రా, పొండి."

ఒక్క పిల్ల మాత్రం బడిసంచీ కోసం వెనక్కి తిరిగింది. అది తన కూతురు.



అతను ఆ పిల్లను రెక్క పట్టి లాగి, ఉన్న బలమంతా పెట్టి దూరంగా నెట్టాడు.

ఇల్లంతా ఊగింది. కిటికీ అవతల బాల్కనీ లేదు.

ఆమె మెట్లెలా దిగిందో ఆమెకే తెలియదు. సైకిల్ షాపులో బాబాయి కాళ్ళు చుట్టుకుని కూతురు వణుకుతోంది. మోచేయి గీసుకుపోయింది, అంతే. నలుగురు మగవాళ్ళు సిమెంటు పెళ్ళను లేపుతున్నారు. లేపాక, ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి గోడలాయన మొహం మీద కప్పాడు.

కర్మకాండలు అయ్యాక ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. పెద్దసారు గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది. అయినా లోపలికి నడిచింది.

"సార్, గోడలాయన డ్యూటీలోనే పోయారు. నేను కళ్ళారా చూశాను. ఎక్కడ చెప్పమన్నా చెప్తాను. ఆయన ఇంటావిడకి రావలసింది మీరు ఇప్పించాలి."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన ఎప్పుడూ అంతేనమ్మా. ఓనర్ల వెంటపడి గోడలు బాగుచేయించేవాడు కానీ జరిమానా రాసేవాడు కాదు. మా లెక్కంతా నోటీసులతోనే. పడకుండా ఆగిన ఇళ్ళను లెక్కలో చూపించే దారి మాకు లేదు."

"అది కాదు సార్. డ్యూటీలో ఉండి..."

"డబ్బు చాలక మనుషుల్ని తగ్గించమన్నారు. నోటీసులు తక్కువ ఇచ్చినవాళ్ళను ముందు తీసేశాం," అన్నాడాయన, ఆమె మొహంలోకి చూడలేక. "ఆయన ఉద్యోగం పోయి ఏడాది దాటింది తల్లీ."