మోదుగ కొమ్మకు పేలిక

ఎనిమిది రోజులుగా మోదుగ కొమ్మకు పేలిక లేదు.

జమ్లి బిందె దించి మళ్ళీ చూసింది. లేదు. ఎగువన షెడ్డు పొగ మాత్రం ఆగలేదు.

బట్టలకు రంగులేసే ఆ షెడ్డు ఎనభై మూడులో వచ్చింది. తొట్లు కడిగిన రోజు వాగులో ఎర్రనీళ్ళో నీలంనీళ్ళో పారేవి. మొదటి ఎండాకాలమే అవి తాగి తండాలో రెండు దూడలు చచ్చాయి. తర్వాత మంగ్లి కొడుకు పోయాడు.

ఆ పిల్లవాడు పోయిన వారం నుంచే ఆ వింత మొదలైంది.

రంగునీళ్ళు రాకముందే, రేవు దగ్గర మోదుగ కొమ్మకు అదే రంగు గుడ్డ పేలిక కట్టి ఉండేది. ఎర్ర పేలికైతే ఎర్రనీళ్ళు, నీలం పేలికైతే నీలంనీళ్ళు. ఆ రోజు తండా అంతా రెండు కోసులు నడిచి బోరింగు నీళ్ళు తెచ్చుకునేది. పేలిక లేకపోతే తాగొచ్చు. జమ్లి కూతురు, అయిదేళ్ళ హేమ్లికి కూడా తెలిసిన లెక్క అది.

కట్టేదెవరో ఎవరూ చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. తండా దేవత మేరామ తల్లి కాక ఇంకెవరు కడతారు? రెండేళ్ళుగా జమ్లి ఆ కొమ్మకు దండం పెట్టనిదే బిందె ముంచలేదు.

ఇప్పుడు తల్లి అలిగింది. ఎవరి మీద అలిగిందో జమ్లికి తెలుసు.

నెల కిందట ఒక ముసలాయన వచ్చి వాగు పక్కన కొమ్మలతో గుడిసె వేసుకున్నాడు. పేరు వెంకటప్పయ్య అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చావంటే తల దించుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి పల్లికాయ పొట్టు అడిగి పోగేశాడు.

ఒకరోజు గాజు సీసాలోంచి ఏదో ఆ పొట్టు మీద పోస్తుంటే జమ్లి చూసింది. నిప్పు లేదు. అయినా పొట్టు పొగలు కక్కి బొగ్గులా మాడింది. జమ్లి రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ నల్లపొట్టునే కడిగి కడిగి, గోనె సంచుల్లో నింపి, సన్నగా పారే వాగుకు అడ్డంగా పేర్చాడు. పేలిక ఆగింది ఆ రోజు నుంచే.

"ఏందయ్యా అది?" ఇవాళ సంచుల దగ్గరికి వెళ్ళి భయం భయంగానే అడిగింది జమ్లి.

"ఆసిడ్ పట్టించిన పొట్టమ్మా. నీళ్ళలో రంగును పట్టేసుకుంటుంది. కిందికి తెల్లనీళ్ళే వస్తాయి."

"రంగు పోతే ఇసం గూడ పోయినట్టేనా?"

ఆయన సంచుల దిగువన చెంబు ముంచి, తాగాడు.

"అది చూద్దామనే రోజూ నేను తాగుతున్నా. ఇంకో వారం మీరు బోరింగు నీళ్ళే తాగండి."

జమ్లి బిందె ఎత్తుకుంది. రంగుంటే కంటికి కనబడుతుంది. తెల్లనీళ్ళలో విషం ఉంటే బిడ్డను ఎలా కాపాడుకోవాలి?

ఇంటికెళ్ళి మొగుడు రూప్లాతో చెప్పింది. మధ్యాహ్నానికి నలుగురు మగవాళ్ళు వాగు దగ్గరికి వచ్చారు.

"నీ గోళ్ళేంది గట్ల నీలంగున్నయ్? షెడ్డోళ్ళ మనిషివేనా?" అన్నాడు రూప్లా.

"అక్కడే పనిచేశానయ్యా. ఇప్పుడు మానేశాను."

"నువ్వు సంచులేసినంక పేలిక ఆగింది. మా తల్లిని ఏం జేసినవ్?" జమ్లి నిలదీసింది.

ముసలాయన మొహం విప్పారింది.

"ఇంక ఆ పేలిక అక్కర్లేదు తల్లీ."

ఆ మాటతో రూప్లా కొడవలి లేచింది. గోనె సంచులు చీరుకుపోయాయి. నల్లపొట్టు నీళ్ళలో కొట్టుకుపోతుంటే, ముసలాయన మోకాలి లోతులో కూర్చుని రెండు చేతులా అడ్డం పెట్టాడు.

"వద్దయ్యా! రేపు తొట్లు కడుగుతారు!"

ఎవరు విన్నారు? రెక్కలు పట్టి ఈడ్చుకెళ్ళి కొత్తగూడెం బస్సెక్కించారు. మళ్ళీ కనబడితే కాళ్ళు విరగ్గొడతామన్నారు.

జమ్లి కొమ్మ ముందు మోకరిల్లింది.

"వాణ్ణి ఎల్లగొట్టినం తల్లీ. ఇగ రా."

తెల్లారి వాగుకు వస్తుంటే హేమ్లి ముందు పరుగెత్తింది. కొమ్మకేసి చూసింది. పేలిక లేదు. గబగబా రేవులోకి దిగింది.

"యాడీ!" అమ్మను కేకేసింది.

జమ్లి వచ్చేసరికి బిడ్డ దోసిలి ఖాళీగా ఉంది. మూతీ గడ్డమూ ఎర్రగా ఉన్నాయి. వాగంతా ఎర్రగా ఉంది.

జమ్లి బిడ్డ నోట్లో వేలు పెట్టి కక్కించింది. పిల్ల ఒళ్ళు వణుకుతోంది. బిడ్డను భుజానేసుకుని ముసలాయన గుడిసెకు పరుగెత్తింది. ఈ నీళ్ళ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. ఏదైనా మందు వదిలి ఉండకపోతాడా?

మూలన మూట ఉంది. పళ్ళతో ముడి లాగింది.

అందులో మందు లేదు. ఒకే వెడల్పున చింపి మడతలు పెట్టిన గుడ్డ పేలికలున్నాయి, ఎర్రవీ నీలంవీ, రెండేళ్ళుగా తను దండం పెట్టినవాటిలాంటివే.