ఆరు నెలల జిప్పు

జూన్ పన్నెండో తేదీనే జిప్పు మార్పించానని, ఆ పొద్దున మలుపులోని బండి దగ్గర లోచో టిఫిను తిని నేరుగా ఈ దుకాణానికే వచ్చానని మొండయ్య అందరికీ వినిపించేలా చెబుతున్నాడు. ఇవాళ జూన్ ఇరవై ఆరు. పర్సు మళ్లీ నోరు తెరిచింది.

మగ్గాల మిల్లుల దాపున ఉన్న గోడాదరా పేటలో సంచులు, పర్సులు బాగుచేసే భాగీరథి మిషను ఆపి తలెత్తింది. ఆమె వెనక గోడకు 'జిప్పుకు ఆరు నెలల గ్యారంటీ' అని రాసిన చెక్క బోర్డు వేలాడుతోంది.

"తారీఖు నేను కాదన్ననా కాకా? జర స్టూలు మీద కూసో."

మొండయ్య కూర్చోలేదు. పర్సుతో వచ్చిన జిప్పు నాలుగేళ్లు ఆగిందట. ఆమె వేసిన మొదటిది ఏడాది, రెండోది రెండు నెలలు, ఇది పద్నాలుగు రోజులు. మధ్యలో ఒకసారి గేటు పాసు ఎక్కడో జారిపోయి, మిల్లులోకి రానివ్వక ఒక పూట పని పోయిందట. ముప్పై ఏళ్లుగా మగ్గాల మోతలో పెరిగిన గొంతు అది. వీధి చివరిదాకా వెళ్తోంది.

"గా బోర్డు తీసి పొయ్యిల పెట్టు బిడ్డా. అన్నమన్న ఉడుకుతది."

పక్కన నిలబడ్డ అనురాధ ఆ మాట విని, బల్ల మీద పెట్టిన నాలుగు బడి సంచులనూ మెల్లగా తన వైపు జరుపుకుంది. ఆమె పై వీధిలో ట్యూషన్లు చెబుతుంది. పని నచ్చితే తన దగ్గరికొచ్చే పిల్లలందరి సంచులూ ఇక్కడికే పంపుతానని అప్పుడే మాటిచ్చింది.

భాగీరథి అది చూసీ చూడనట్టు పర్సు చేతిలోకి తీసుకుంది. ఇదే రకం జిప్పు ఎంతమందికి వేసిందో. ఒక్కరూ తిరిగి రాలేదు. జిప్పు పళ్లు బాగానే ఉన్నాయి. వాటి మీద నడిచే రన్నరే విచ్చుకుపోయింది, ఎవరో కసిగా పీకినట్టు. లోపలున్న పాసు, ఆధార్ కార్డు తీసి జాగ్రత్తగా మొండయ్య చేతిలో పెట్టింది. ఉన్నవాటిలో మందమైన జిప్పు ఏరి కుట్టి, కొవ్వొత్తి రుద్ది ఇచ్చింది. పైసలు వద్దంది.

మొండయ్య అక్కడే లాగి చూశాడు. మూసుకుంది. తెరిచి మళ్లీ లాగాడు. కొసకు చేరిన రన్నర్‌ను ఇంకా గుంజాడు. మరోసారి గుంజబోతుంటే భాగీరథి అతని చెయ్యి పట్టుకుంది.

"మూసుకున్నది గద కాకా. ఇంకెటు గుంజుతవు?"

రెండోసారి అడిగితేగానీ అతను జవాబివ్వలేదు.

"మూసుకుంటే సర్రుమనాలె. పర్సుతోని వచ్చింది అనేది. నువ్వేసినయి రాను రాను అంటనే లేవు. పడ్డదో లేదో ఎట్ల తెలుస్తది? అందుకే గుంజుడు."

భాగీరథి మిషను దగ్గర నుంచి లేచింది. పర్సును అతని చెవి పక్కన పెట్టి, జిప్పును ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున లాగింది.

సర్రున మోగింది. అనురాధ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంచులను తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"చూసినవా బిడ్డా" అన్నాడు మొండయ్య, "సప్పుడే లేదు."