కలకడ గొంతు

పల్లవి వెంట ఒక ఆఫ్రికా అమ్మాయి వచ్చి గ్రిల్ బయట నిలబడింది.

కొండప్ప తాళం తీయలేదు. లోపల కుర్చీలోంచే ఏమిటన్నట్టు చూశాడు.

పక్క వీధి పల్లవి కుప్పంలో చదువుతోంది. ఈ అమ్మాయి పేరు ఆమినాటా అని, సొంత దేశం సియెర్రా లియోన్ అని, తనతోపాటు అక్కడే పరిశోధన చేస్తోందని చెప్పింది.

"సియెర్రా లియోన్‌కీ గాంబియాకీ బయటి దేశాల్నుంచి ఎంత దుడ్డు వస్తాండాది, ఎంత పోతాండాది, రెండూ పోల్చి రాస్తాండాది చిన్నాయనా. మన పక్క కువైట్ దుడ్డుతో కట్టిన ఇండ్లు గూడా సూడాలంట."

"సూసింది గదా. ఇంగ పొమ్మను."

పుంగనూరులో ఆ వీధికి మేడ అదొక్కటే. కొండప్ప భార్య ప్రమీల కువైట్‌కు ఇంటి పనికి పోయి పంపినదంతా ఇక్కడ గోడలైంది. గృహప్రవేశానికి వస్తానన్న మనిషి పెట్టెలో వచ్చింది.

గుండె ఆగిందన్నారు. దగ్గరుండి చూసినవాళ్లెవరో ఎవరూ చెప్పలేదు.

ఆమె పోయిన రోజు ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. నంబరు ప్రమీలదే, గొంతు వేరే ఆడమనిషిది.

"అక్క పోయిందప్పా. పోయేముందు నీకు చెప్పమని ఒక మాట..."

ఎవరో ఫోన్ లాక్కున్నారు. ఆ నంబరు మళ్లీ మోగలేదు.

కొండప్ప బతుకు అక్కడే ఆగింది. తనను తిట్టి పోయిందో, తలచుకుని పోయిందో తెలియాలి. తెలిసేదాకా ఆ ఇల్లు అమ్మలేడు, అందులో కంటినిండా నిద్రపోలేడు.

ఆ గొంతులో యాస అచ్చం ప్రమీల పుట్టినూరు కలకడది. అందుకని కలకడ చుట్టుపక్కల కువైట్ పోయొచ్చిన ఆడవాళ్ల గడపలన్నీ తొక్కాడు. మదనపల్లె ఏజెంట్ల కాళ్లు పట్టుకున్నాడు, కాలర్లూ పట్టుకున్నాడు. ఆ మనిషి జాడ లేదు.

గ్రిల్ బయట ఆమినాటా చెప్పులు విప్పింది.

"అప్పా..." అంది.

బస్సుల్లో విని ఏరుకున్న మాట కాబోలనుకున్నాడు. ఆమె వైపు చూడకుండా పల్లవినే అడిగాడు.

"వచ్చిందాంట్లో పోయింది తీసేసి, మిగిలింది రాసుకుంటాదా?"

"అంతే చిన్నాయనా."

"ఈ ఇంటికి మేడ వచ్చింది. మనిషి పోయింది. ఎంత మిగిలిందో దాన్నే రాసుకోమను."

లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఏమీ వినపడకుండా టీవీ గట్టిగా పెట్టాడు. చాలాసేపటికి కిటికీలోంచి చూస్తే బయట ఎవరూ లేరు.

వానలు మొదలయ్యాక పల్లవి ఒక్కతే వచ్చింది. కుప్పం బస్సు దిగి సంచీతో నేరుగా ఇక్కడికే.

"మీ ఆఫ్రికా దొరసాని పరీక్ష పాసయిందా?" అన్నాడు కొండప్ప.

పల్లవి నవ్వలేదు. ఆమినాటా చదువు మధ్యలోనే వదిలేసిందని చెప్పింది. ఊళ్లో వాళ్లమ్మకూ తమ్ముళ్లకూ పంపడానికి చేతిలో ఏమీ లేక, మళ్లీ గల్ఫ్‌లో ఇంటి పనికి పోయిందట. ఏ దేశమో, ఎవరిల్లో తెలియదు. అలాంటి ఇళ్లలో ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు. ఎన్నిసార్లు చేసినా కలవడం లేదట.

"మళ్లీ అంటే?"

"ముందు కువైట్‌లో చేసింది చిన్నాయనా. ఆ పొద్దు మీ ఇంటికి తీసుకపొమ్మని తనే అడిగింది. యాలని అడిగితే ఒక మాట ఉండాది, ఆయప్పకే చెప్పాలనింది. విమానం ఎక్కేటప్పుడు గూడా ఆ మాట నాకు చెప్పలే."

కొండప్ప లేచి గ్రిల్ కమ్మీ పట్టుకున్నాడు.

"నాకేం చెప్తాది? దానికి మన మాటే రాదు గదా."

"రాకేమి చిన్నాయనా, నాకంటే బాగా వస్తాది," అంది పల్లవి తలెత్తకుండా. "కువైట్‌లో ఒకే వంటింట్లో ప్రమీల చిన్నమ్మే నేర్పిందని పోయేటప్పుడు నాకు చెప్పింది. చిన్నమ్మ పోయిన పొద్దు నీకు ఫోన్ చేసింది ఆ పిల్లే."