మూడు అనగానే నొక్కాలి

"మూడు అనగానే ఇద్దరం ఒకేసారి నొక్కాలి," అన్నాడు ట్రెంట్.

వంటింటి బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు ఎదురెదురుగా ఉన్నాయి. రెండింటి మీదా ఒకటే ప్రశ్న: చికాగో లా స్కూలు వెయిటింగ్ లిస్టు నుంచి మీ పేరు తీసేయమంటారా?

ఇద్దరికీ ఊళ్ళోని లా స్కూల్లో సీట్లు ఏప్రిల్లోనే ఖాయమయ్యాయి. డిపాజిట్లు కూడా కట్టేశారు. అయినా కోరిన్‌కి సీటొకచోట, ప్రాణమొకచోట. పదిహేను రోజులకోసారి చికాగోకి ఉత్తరం రాస్తూనే ఉంది, పిలిస్తే రెక్కలు కట్టుకుని వాలతానని. టైర్ల ఫ్యాక్టరీ మూతపడి వాళ్ళ నాన్న రోడ్డున పడ్డప్పుడు, కార్మికుల తరఫున వాదించిన లాయరమ్మ అక్కడే చదువుకుంది. అప్పటికి కోరిన్‌కి పన్నెండేళ్ళు. చదివితే అక్కడే చదవాలని ఆనాడే అనుకుంది.

"నీకొచ్చి నాకు రాకపోతే? మూడేళ్ళు నువ్వక్కడ, నేనిక్కడ. ఇక పెళ్ళేంటి, మన మొహం!" అన్నాడు ట్రెంట్.

"నీకొచ్చి నాకు రాకపోతేనో?"

"నా మార్కులకా? ముందు పిలుపు నీకే. నన్నొదిలేసి చక్కా పోతావు."

"ఛ, అవేం మాటలు!"

"మరైతే ఆ గుమ్మం పట్టుకుని వేలాడటం మానేద్దాం. ఇద్దరం. ఇప్పుడే."

కోరిన్‌కి ప్రేమించిన మనిషి అంత బెంగగా చూస్తుంటే కాదనడానికి నోరు రాలేదు.

"ఒకటి... రెండు... మూడు!"

నొక్కింది. 'మీ పేరు తొలగించాం' అని వచ్చింది. అది చూసి చంటిపిల్లలా ఏడ్చేసింది.

ట్రెంట్ గబగబా బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆమె భుజం మీదుగా వంగి ఆ మాటలు చదివాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు.

"పిచ్చిమొద్దూ, ఒక్కచోట ఉంటాం. అంతకన్నా ఏం కావాలే?" అని తల నిమిరాడు.

ఆ పూట పాన్‌కేకులు తనే వేశాడు. మాడినవి తను తిని, బాగా వచ్చినవి ఆమెకు పెట్టాడు. అంతకన్నా ఏం కావాలి అని కోరిన్ కూడా తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

ఆగస్టు మొదటివారంలో, ట్రెంట్ వాళ్ళమ్మను చూసొస్తానని వెళ్ళిన మర్నాడు, ఊళ్ళోని లా స్కూలు నుంచి ఫోనొచ్చింది.

"కోరిన్ గారేనాండీ? మీరు ఇద్దరికని అడిగిన క్వార్టరు గురించి," అంది అవతలి ఆవిడ.

"అవునండీ! ఇరవయ్యో తారీఖున దిగిపోతాం. కిటికీలకు తెరలు కూడా కొనేశాం."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అదేనండీ... చికాగోలో సీటొచ్చిందని ట్రెంట్ గారు పొద్దున్నే ఇక్కడ పేరు తీయించుకున్నారు కదా, ఇక మీ ఒక్కరికీ చిన్న గది సరిపోతుందాండీ?"