ఇంజను తాగని డీజిలు

అనంతగిరి కాఫీతోటలో నీళ్లు తోడటానికి గాలిమర నిలబెట్టాక, అంతవరకు ఆ పని చేసిన డీజిలింజను మూలపడింది. దాన్ని నడిపే గంగరాజు మొక్కల మొదళ్లలో గొప్పు తవ్వే కూలీ అయ్యాడు.

ఓ సాయంత్రం అతను గాలిమరపై ఉండగా, కింద నుంచి అత్త యర్రమ్మ కూతురి కోసం గావుకేక పెట్టింది.

"బాబూ, నా గుంటకి పురిటి నొప్పులొచ్చేసినాయి! బిడ్డ అడ్డం తిరిగిందంట. తోట జీపులో డీజిలు నేదు. బంకుల్లోనూ కరువేనంట!"

గంగరాజు జారుతూ దిగి ఇంజను షెడ్డుకి పరిగెత్తాడు. డీజిలు పీపా మూత తీశాడు. నిండుగా ఉంది. గాలిమర తిరిగినన్నాళ్లూ ఇంజను చుక్క కూడా తాగలేదు.

ఆ డీజిలుతో జీపు కదిలింది. భార్య తల ఒళ్లో పెట్టుకుని, అతను బయటికి వంగి అరిచాడు.

"అత్తా, గాలిమర కాడికి ఎవర్నీ ఎల్లనీకు! అక్కసుకొద్దీ దాని బోల్టులు నేనే ఊడదీసినాను. తోట మేస్త్రీకి సెప్పు, బేగి బిగించమను. దాన్ని పడిపోనీకు!"