శేషం లేని తోట

వాటాలు వేసేది గురువారం. తమ్ముడికీ చెల్లెలికీ శుక్రవారమని చెప్పాడు పెద్దవాడు.

"నువ్వు లేకపోతే మాకివన్నీ ఎవరు చెబుతారు అన్నయ్యా," అంది చెల్లెలు ఫోనులో.

"మర్చిపోయేవు. శుక్రవారం," అని మరోసారి నొక్కి చెప్పి పెట్టేశాడు.

టేకుతోట విషయంలో తండ్రి పెట్టిపోయిన షరతు ఒక్కటే. వాటాలు వేసేనాడు ప్లీడరు ఎదుటికి వచ్చినవాళ్లకే చెట్లు. రానివాళ్లకి ఆకు కూడా లేదు. ఇంట్లోవాళ్లకి కబురు చెప్పే పని ప్లీడరు పెద్దవాడికే అప్పగించడంతో పాచిక పారింది.

తండ్రి కలప వ్యాపారి. నెలలో సగం రోజులు బేరాలంటూ ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. ఇంటికొస్తే తోటలోనే కాపురం. గాలికి ఒక చెట్టు కూలితే సాయంత్రానికి అక్కడ ఇంకో మొక్క ఉండాల్సిందే. గింజ రాలి దానంతటదే మొలిచినదాన్ని మాత్రం కలుపుమొక్కలా పీకి గట్టు మీద పడేసేవాడు. ఇరవై ఏడు వేల ఏడు వందల ఇరవై. ఒకటి పెరగకూడదు, ఒకటి తగ్గకూడదు. ముసలాయన చాదస్తం అనుకున్నారు పిల్లలు.

గురువారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ప్లీడరు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు పెద్దవాడు.

"తమ్ముడూ చెల్లెలూ ఏరండీ?" అన్నాడు ప్లీడరు.

"చెప్పానండీ. ఆ తోట గోల మాకొద్దు, నువ్వే చూసుకో అన్నారు. పెద్దవాణ్ణయ్యాక తప్పుతుందా."

ప్లీడరు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. "సరే. ఎంతమంది వచ్చినా లెక్క చెడదులెండి. ఆ సంఖ్య అలాంటిది. ఒకరి దగ్గర్నుంచి పన్నెండుమంది దాకా ఎందరికి పంచినా ఒక్క చెట్టు మిగలదు. అన్నిటికీ అలా లొంగే సంఖ్య ఇంతకన్నా చిన్నది లేదట. మీ నాన్నగారు ఈ బల్ల దగ్గరే కూర్చుని వెతికి పట్టుకున్నారు. పదమూడంటే మాత్రం ఆయనకి హడలు. నాలుగు మిగులుతాయి."

"ముగ్గురికి పంచడానికి అంత లెక్క దేనికండీ," పెద్దవాడు నవ్వాడు. "ఇప్పుడు ఒకటితో భాగిస్తే సరిపోయె."

ప్లీడరు కాగితం మీద సంఖ్య రాసి చివరి సున్నా కొట్టేశాడు.

"పదితో మరీ సుఖం. మీ వాటాకి రెండు వేల ఏడు వందల డెబ్బై రెండు. ఎటునుంచి చదివినా అదే, చూశారా."

"పదేమిటండీ?" అన్నాడు పెద్దవాడు.

ప్లీడరు లేచి వెళ్లి పక్కగది తలుపు తీశాడు.

"తొమ్మిదిమందీ ఇలా వచ్చేయండమ్మా. మీ పెద్దన్నయ్య వచ్చారు."